బావి దగ్గర మంట చూసి మురిసిపోకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆయిల్ బావి టెస్టు దగ్గర కంచె బయట నిలబడి నువ్వు తీసి పంపిన మంట వీడియో చూశాను. ఇంటి డిపాజిట్ కోసం దాచిన డబ్బు కూడా ఆ బావి కంపెనీ షేర్లలో పెట్టావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. 28 ఏళ్లు కోనసీమ రిగ్గుల మీద టెస్టింగ్ పని చేసినవాణ్ణి, నా మాట కాస్త విను.

ఒకసారి కొబ్బరితోటల మధ్య బావి తెరిస్తే, ఆ మంట చూడ్డానికి ఊరంతా కదిలొచ్చింది. మేమూ సంబరపడ్డాం. అరగంటకోసారి శాంపిల్ పట్టి, గాజు గొట్టంలో పోసి, ఆయిలూ నీరూ విడిపోయేలా మిషన్‌లో పెట్టి తిప్పేవాళ్లం. తొలిరోజు అడుగున కాస్త నీరు తేలింది. బావిలో మేం పోసిన ఉప్పునీరే తిరిగొస్తోందనుకున్నాం. మూడో రోజుకి గొట్టంలో సగం నీళ్లే. ఉప్పు శాతం కొలిస్తే తెలిసింది, అది భూమిలోంచి వస్తున్న నీరని. మంట మాత్రం ఆ రాత్రి కూడా జోరుగానే ఉంది, జనం ఇంకా చూస్తూనే ఉన్నారు.

నీలా షేర్లు కొన్నవాళ్లు బావి నుంచి వెళ్లే ట్యాంకర్లు లెక్కపెడుతున్నారన్నావు. లోపల ఉన్నది ఆయిలో, నీళ్లో రోడ్డు మీద నిలబడితే ఎలా తెలుస్తుంది?

కంపెనీ ప్రకటనలో ముందు చోక్ సైజు వెతుకు. చోక్ అంటే బావి నుంచి వచ్చే ప్రవాహాన్ని అదుపు చేసే సన్నటి రంధ్రం. అంగుళంలో 64వ వంతుల లెక్కన ఇస్తారు. కుళాయి ఎక్కువ తిప్పితే నీళ్లు ఎక్కువ వచ్చినట్టే, చోక్ పెంచితే అదే బావి ఎక్కువ చూపిస్తుంది. ఎన్ని గంటలు పారించారో, ఆ సేపంతా ప్రెషర్ నిలబడిందో జారిందో చూడు. కొద్ది గంటలే పారించి ‘రోజుకి ఇన్ని బ్యారెళ్లు’ అంటే అది లెక్కగట్టిన అంకె, రోజంతా కొలిచింది కాదు.

ఇంగ్లండ్‌లో మీ గాట్విక్ ఎయిర్‌పోర్టు పక్కనున్న హార్స్ హిల్ ఆయిల్ బావి సంగతే తీసుకో. 2016 టెస్టులో మూడు పొరలను విడివిడిగా పారించి 464, 901, 323 బ్యారెళ్లు కలిపి రోజుకి 1,688 అన్నారు. 2020లో ఉత్పత్తి మొదలయ్యాక ఆ అంకె దరిదాపులకు కూడా రాలేదు.

మంట ఆరాక మీరంతా ఇళ్లకు పోతారు. మాకు అసలు పని అప్పుడే మొదలయ్యేది. బావి మూసి ఉంచితే అడుగున ప్రెషర్ మెల్లగా లేస్తుంది. ఎన్ని రోజులు ఆగినా అది మొదట ఉన్నచోటికి రాకపోతే, కింద ఉన్నది చిన్న నిల్వేమోనని అనుమానించాలి. ఆ కాస్త తోడేసరికే ప్రెషర్ తగ్గిందంటే ఏళ్ల తరబడి ఏం ఇస్తుంది? ఈ సంగతి ప్రకటనలో లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి అడుగు. నువ్వు వాటాదారువి, మొహమాటం దేనికి?

మంచి వార్తతో షేరు ఎగిరినప్పుడే కొత్త షేర్లు మార్కెట్ ధర కంటే తక్కువకు అమ్మి డబ్బు తెచ్చుకోవడం ఇలాంటి చిన్న కంపెనీలకు మామూలే. అందుకే ఈసారి షేరు పెరగ్గానే ఇంటి డబ్బు మటుకు వెనక్కి తీసేసుకో. మిగతాది నీ ఇష్టం.

బావి మూశాక వచ్చే ప్రకటన పూర్తిగా నాకు పంపు. చదివి ఆదివారం ఫోన్ చేస్తాను. ఈలోగా ఒక్క షేరు కూడా కొనకు.

మీ మామయ్య