ఏ రాత్రి అలీ? ఏ రాత్రి టైసన్?

పర్లాకిమిడి

తమ్ముడూ,

వేర్వేరు కాలాల బాక్సర్లు అలీ, టైసన్ తలపడినట్టు ఊహించి, బరంపురం నుంచి నువ్వు పంపిన కథ చదివాను. వాక్యం బాగా నడిచింది. కానీ ఎవరు గెలుస్తారో మొదటి పేరాలోనే తెలిసిపోయింది. అలీ నీకు దేవుడు, టైసన్ ఆరో రౌండ్‌లో పడిపోవడానికే వచ్చాడు. ఇది తిరగరాయాలి.

ముందు రాత్రి ఎంచుకో. అలీ అన్న పేరు మీద కనీసం ముగ్గురు బాక్సర్లున్నారు. 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడు రౌండ్లలో ముగించిన 24 ఏళ్ల కుర్రాడు ఒకడు. మూడేళ్లకు పైగా రింగ్‌కు దూరమై, తిరిగొచ్చి 1971 మార్చిలో ఫ్రేజియర్ చేతిలో ఓడినవాడు ఇంకొకడు. 1974లో కిన్షాసాలో తాళ్లకు ఆనుకుని ఫోర్‌మన్ దెబ్బలు కాచుకుని, ఎనిమిదో రౌండ్‌లో అతణ్ణి పడగొట్టినవాడు మూడోవాడు. నువ్వు మొదటివాడి కాళ్లకు మూడోవాడి ఓర్పు అతికించావు. అలాంటి మనిషి ఏ రాత్రీ లేడు. టైసన్ దగ్గరా అదే జరిగింది. 1988 జూన్‌లో స్పింక్స్‌ను 91 సెకన్లలో పడేసిన టైసన్, 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పదో రౌండ్‌లో కూలిన టైసన్ ఒకటి కాదు. మధ్యలో శిక్షకుడు కెవిన్ రూనీ దూరమయ్యాడు. తల అటూ ఇటూ ఊపుతూ లోపలికి చొరబడే పద్ధతి సడలి, ఒక్క పెద్ద గుద్దు కోసం కాచుకోవడం ఎక్కువైంది. నీ కథకు తారీఖు పెట్టు. సగం వాదన అక్కడే తేలిపోతుంది.

ఆ తర్వాత నిబంధనలు. కోడిపందెంలో కూడా కత్తి కడతారా, డింకీ పందెమా అన్నది పుంజుల్ని దించకముందే తేల్చుకుంటారు. 1919లో టోలెడోలో డెంప్సీ, విల్లార్డ్‌ను మొదటి రౌండ్‌లోనే ఏడుసార్లు పడగొట్టాడు. పడ్డవాడి పక్కనే నిలబడి, లేస్తుండగానే మళ్లీ కొట్టడం అప్పట్లో చెల్లింది. 1927లో షికాగోలో టన్నీని పడగొట్టి, అలవాటు కొద్దీ అక్కడే నిలబడిపోయాడు. కొత్త నిబంధన ప్రకారం అతను దూరంగా ఉన్న మూలకు వెళ్లేదాకా రిఫరీ పదివరకు లెక్కపెట్టడం మొదలుపెట్టలేదు. టన్నీకి ఊపిరి దొరికింది, చివరికి పాయింట్ల మీద గెలిచాడు. డెంప్సీని ఇవాళ్టి రింగ్‌లోకి దించితే అతని ఆయుధాల్లో ఒకటి గేటు దగ్గరే తీసుకున్నట్టు లెక్క. రౌండ్ల సంఖ్య కూడా చిన్న విషయం కాదు. మార్సియానో 1952లో పాయింట్లలో వెనకబడి ఉండి, పదమూడో రౌండ్‌లో వాల్కాట్‌ను పడగొట్టి టైటిల్ తీసుకున్నాడు. ఇప్పటిలా 12 రౌండ్లే అయితే ఆ రాత్రి టైటిల్ వాల్కాట్ దగ్గరే ఉండేది.

బరువులు కిలోల్లో, ఎత్తు అడుగుల్లో రాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకున్న మన పాఠకుడికి పౌండ్లు పట్టవు. డెంప్సీ విల్లార్డ్ ముందు నిలిచినప్పుడు సుమారు 85 కిలోలు, మార్సియానో కూడా దాదాపు అంతే. ఇవాళ వాళ్లు హెవీవెయిట్ కంటే ఒక మెట్టు కిందున్న క్రూజర్‌వెయిట్‌లు. ఈ కాలం తిండి, జిమ్ ఇచ్చి పది కిలోలు పెంచుతానంటే పెంచు, కానీ ఆ సంగతి పాఠకుడికి చెప్పు, చివరి రౌండ్లలో ఆయాసం కూడా పెంచు. అలాగని పెద్దవాడికే గెలుపు రాసేయకు. 2024 మేలో రియాద్‌లో ఉసిక్ తనకంటే ఆరంగుళాలు పొడుగూ, పదిహేను కిలోలకు పైగా బరువూ ఉన్న ఫ్యూరీని ఓడించాడు.

రికార్డుల పట్టిక చూసి తీర్పు రాయడం అన్నిటికంటే పెద్ద ఉచ్చు. ఫ్రేజియర్ అలీని ఓడించాడు. ఫోర్‌మన్ 1973లో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. ఆ ఫోర్‌మన్‌నే అలీ పడగొట్టాడు. ఈ ముగ్గురినీ నిచ్చెనలో నిలబెట్టలేవు. శక్తి ప్రదర్శనల్ని కూడా పోరులో కలపకు. వీరఘట్టంలో పుట్టి మన ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూసిన కోడి రామమూర్తి నాయుడిని పహిల్వాన్ గామాతో పోల్చేవాళ్లు ఇక్కడే తడబడతారు. ఛాతీ మీద ఏనుగును మోయడం వేరు, 1910లో లండన్‌లో జిబిస్కోతో గామా పట్టిన కుస్తీ వేరు.

మరి దేన్ని నమ్మాలి? ఫిల్మును. శబ్దం ఆపేసి ఒక్కో పోరును మూడుసార్లు చూడు. మొదటిసారి పాదాలు మాత్రమే, రెండోసారి ఎడమ చెయ్యి, మూడోసారి దెబ్బ తగిలాక ఆ మనిషి ఏం చేస్తున్నాడో. జాబ్‌లు, అంటే ముందుచేత్తో తిన్నగా వేసే చురుకు గుద్దులు, రౌండుకెన్నో గీతలు గీసుకో. మూకీల కాలపు ఫిల్ములతో జాగ్రత్త, సెకనుకు 16–18 ఫ్రేములు తీసిన దాన్ని 24 మీద ఆడిస్తే డెంప్సీ మెరుపులా కనిపిస్తాడు. ఈ చూపుతోనే ష్మెలింగ్, జాబ్ వేశాక జో లూయీ ఎడమ చెయ్యి కిందికి జారుతుందని పట్టుకున్నాడు. 1936లో ఆ సందులోంచే కుడిచేతి దెబ్బలు పంపి పన్నెండో రౌండ్‌లో ముగించాడు. రెండేళ్లకు లూయీ 124 సెకన్లలో బదులు తీర్చుకున్నాడు. అలాంటి ఒక్క సందు దొరకందే కథ మొదలుపెట్టకు.

నీ జోడీలో ఆ సందు ఉంది. అలీ తలను వెనక్కి లాగి తప్పించుకుంటాడు. మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే ఎడమ హుక్‌కు అది ఆహ్వానం. 1963లో కూపర్, 1971 పదిహేనో రౌండ్‌లో ఫ్రేజియర్ అలీని పడగొట్టింది ఆ హుక్‌తోనే. టైసన్ హుక్ ఇద్దరికీ తీసిపోదు. అయితే అతని చేతుల చాపు 71 అంగుళాలు, అలీది 78. ఆ ఏడంగుళాలు దాటాలి. దాటాక అలీ, టైసన్ మెడ పట్టుకుని అతని మీద వాలిపోతాడు. అలా పట్టేస్తే టైసన్ విడిపించుకోడు, రిఫరీ కోసం ఆగుతాడు. 1987లో బోన్‌క్రషర్ స్మిత్ 12 రౌండ్లూ అలాగే పట్టుకుని వేలాడి నిలబడ్డాడు. కాబట్టి రిఫరీ చేతులు వెంటనే విడదీసేవాడా, చూసీ చూడనట్టు వదిలేసేవాడా ముందే రాయి.

కంప్యూటర్‌ను సాక్షిగా తేవద్దు. కంప్యూటర్ తేల్చిన పోరు అన్న పేరుతో వచ్చిన సినిమా కోసం మార్సియానో, అలీ 1969లో ఒక్కో నిమిషం రౌండ్లు డజన్ల కొద్దీ నటించారు, ముగింపులు పలు రకాలు తీశారు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో మార్సియానో పదమూడో రౌండ్‌లో గెలిచాడు. విడుదలకు ముందే విమాన ప్రమాదంలో పోయాడు పాపం. అంకెలు పెట్టిందీ, ముగింపులు తీసిందీ మనుషులే.

హ్యూస్టన్ అలీ, స్పింక్స్ రాత్రి టైసన్ అయితే మొదటి నాలుగు రౌండ్లలో మూడు నేను టైసన్‌కే ఇస్తాను, ఒకదాంట్లో అలీ పడతాడు కూడా. 12 రౌండ్లయితే తీర్పు ఒక పాయింటు అటో ఇటో. 15 అయితే అలీ, ఎందుకంటే టైసన్ ఎన్నడూ 12 దాటి ఆడలేదు, అలీ 1966 మార్చిలోనే షువాలోతో 15 పూర్తి చేశాడు. నీకు నచ్చకపోతే రౌండు వారీగా రాసి పంపు, ఓడినవాడికి కనీసం నాలుగు రౌండ్లు ఇచ్చి.

నీ అన్న