షేర్‌పాయింట్ లైబ్రరీ 5000 ఐటమ్స్ దాటి తెరుచుకోకపోతే

తమ్ముడూ, రాయగడ ఆఫీసు లైబ్రరీలో నీ ఫైళ్లేవీ పోలేదు, కంగారు పడకు. వ్యూ, అంటే ఫైళ్ల జాబితా చూపే తెర, 5000 ఐటమ్స్ దాటి లాగబోతే షేర్‌పాయింట్ (ఆఫీసు ఫైళ్లు పంచుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) ఆపేస్తుంది. నీకొచ్చిన థ్రెషోల్డ్ (పరిమితి) ఎర్రర్ అదే. సెంట్రల్ అడ్మినిస్ట్రేషన్‌లో (సర్వర్ అడ్మిన్ సెట్టింగ్స్ ఉండే చోటు) ఆ అంకె మాత్రం పెంచకు. ఒక్క క్వెరీకి (డేటా అడిగే ఆదేశం) దాదాపు 5000 లాక్‌లు పడితే, వెనకున్న డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ టేబుల్ మొత్తాన్నే లాక్ చేస్తుంది, అంటే మిగతావాళ్లు ఆగాల్సిందే. అదే కంటెంట్ డేటాబేస్ (సైట్ల ఫైళ్లు ఉండే డేటాబేస్) వాడే గుణుపురం, పర్లాకిమిడి సైట్లు కూడా ఆగిపోతాయి.

లైబ్రరీ సెట్టింగ్స్‌లో ఇండెక్స్‌డ్ కాలమ్స్ తెరిచి 'మోడిఫైడ్' (ఫైలు మార్చిన తేదీ) కాలమ్‌కి ఇండెక్స్, అంటే త్వరగా వెతికే సూచిక, పెట్టు. ఒప్పుకోకపోతే సెంట్రల్ అడ్మినిస్ట్రేషన్‌లోని రిసోర్స్ థ్రాట్లింగ్‌లో డైలీ టైమ్ విండో (ఆ పరిమితి పట్టించుకోని సమయం) రాత్రికి పెట్టించి, అప్పుడు చెయ్యి. తర్వాత డిఫాల్ట్ వ్యూలో మొదటి ఫిల్టర్ ఆ కాలమ్ మీదే ఉండాలి, ఉదాహరణకు గత 30 రోజులు. ఆ ఒక్క ఫిల్టర్‌తోనే లెక్క 5000 లోపుకి దిగాలి. రెండో షరతు 'ఆర్' (లేదా)తో కలిపావో, ఇండెక్స్ పెట్టినా మళ్లీ అదే ఎర్రర్ రావచ్చు.