తిరుపతి ఎండలకు కారులో చిక్కటి ఇంజిన్ ఆయిల్ పోయించాలా?

అక్కర్లేదు, బయట 42 డిగ్రీల ఎండ కాస్తున్నా కారు మాన్యువల్‌లో రాసిన గ్రేడే (ఆయిల్ చిక్కదనాన్ని సూచించే నంబరు) పోయించండి.

ఎందుకంటే ఆయిల్ పనిచేసేది ఇంజిన్ లోపలి వేడిలో. వేడెక్కిన ఇంజిన్‌లో థర్మోస్టాట్ కూలెంట్‌ని, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని, సుమారు 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది, ఆయిల్ కూడా దాదాపు 100 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. జనవరిలోనైనా మే నెలలోనైనా ఇందులో పెద్ద తేడా రాదు.

ఉదాహరణకు 5డబ్ల్యూ-30 అని రాసున్న డబ్బా చూడండి. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న 5, గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. మన ఊళ్లో అంత చలి ఎక్కడిది! వెనకున్న 30 చాలామంది అనుకున్నట్టు ఉష్ణోగ్రత కాదు, 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనాన్ని సూచించే గ్రేడ్. ఆ వేడిలో 30 గ్రేడ్ 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) మధ్య ఉంటుంది, 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3 మధ్య.

చిక్కగా ఉంటే ఇంజిన్‌కి రక్షణ ఎక్కువన్నది అసలైన అపోహ. సన్నటి సందులతో తయారైన కొత్త ఇంజిన్లలో చిక్కటి ఆయిల్ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది, మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది. మాన్యువల్‌లోనే రెండు గ్రేడ్లు ఇచ్చి, మీరు తరచూ నిండు లోడుతో తిరుమల ఘాట్ ఎక్కుతుంటే, వాటిలో చిక్కనిది ఎంచుకోవచ్చు.