ఇల్లు చూడటానికి శనివారం వెళ్లండి

బ్రూక్లిన్‌లో చదువుకుంటున్న ఒక అమ్మాయి అడిగింది: "నేను న్యూయార్క్ వచ్చి నాలుగు నెలలైంది. మా పిన్ని వాళ్లు ఫ్లషింగ్‌లో ఉంటారు. ప్రతి శనివారం అక్కడి గుడికి వెళ్లి, అటునుంచి పిన్ని వాళ్లింటికి వెళ్తాను. ఒక వారం గంటా పావులో చేరతాను, ఇంకో వారం రెండున్నర గంటలు పడుతుంది. నాకే దారి సరిగ్గా తెలియడం లేదా? ఇల్లు క్వీన్స్‌కి మార్చుకోమంటారా?"

తప్పు మీది కాదమ్మా. ఈ ఊళ్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా నడిచే సబ్‌వే (ఇక్కడి మెట్రో రైలు) వేరు, శని ఆదివారాల్లో నడిచే సబ్‌వే వేరు. కొత్తగా వచ్చినవాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పరు. కాలేజీకో ఆఫీసుకో ఎంతసేపట్లో వెళ్లొచ్చో చూసుకుని ఇల్లు తీసేసుకుంటాం. తీరా చూస్తే మన మనుషులతో గడిపే కాలమంతా శని ఆదివారాల్లోనే ఉంటుంది. గుడి, సరుకులు, బంధువుల ఇళ్లు, ఎవరింట్లోనో వ్రతం, ఎవరి పిల్లలదో పుట్టినరోజు. ఇవేవీ మాన్‌హట్టన్‌లో ఉండవు. క్వీన్స్‌లోని ఫ్లషింగ్‌లో, జాక్సన్ హైట్స్‌లో, జమైకాలో ఉంటాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మన హైదరాబాద్ మెట్రో రాత్రి ఆగిపోతుంది, తెల్లారేలోపు పట్టాల పనీ సిగ్నళ్ల పనీ చూసుకుంటారు. న్యూయార్క్ సబ్‌వే 1904లో మొదలైంది. 472 స్టేషన్లతో రోజుకి 24 గంటలూ నడుస్తుంది. అర్ధరాత్రి డ్యూటీ దిగిన నర్సుకి కూడా బండి దొరుకుతుంది, అది ఈ ఊరు చేసిన గొప్ప పని. కానీ బండ్లు ఎప్పుడూ ఆగకపోతే రిపేర్లు ఎప్పుడు చేస్తారు? జనం తక్కువ ఉంటారని రాత్రిపూట, శని ఆదివారాల్లో చేస్తారు. చాలా మార్పులు శుక్రవారం రాత్రి పొద్దుపోయాక మొదలై సోమవారం తెల్లవారుజాము అయిదింటి దాకా ఉంటాయి.

రెండో కారణం అసలు మ్యాపులోనే ఉంది. బ్రూక్లిన్, క్వీన్స్ పక్కపక్కనే ఉన్న నేల. మధ్యలో పెద్ద నది కూడా లేదు. అయినా ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే చాలా లైన్లు మిమ్మల్ని ఈస్ట్ రివర్ కిందుగా మాన్‌హట్టన్ తీసుకెళ్లి, మళ్లీ అదే నది కిందుగా ఇవతలికి తీసుకొస్తాయి. పొద్దున మనుషుల్ని మాన్‌హట్టన్‌కి చేర్చి సాయంత్రం ఇళ్లకి పంపడానికే ఈ లైన్లు వేశారు. చిన్న షటిల్ లైన్లు పక్కన పెడితే, మాన్‌హట్టన్‌లో అడుగుపెట్టకుండా నడిచేది జి ట్రైన్ ఒక్కటే. బ్రూక్లిన్‌లో చర్చ్ ఎవెన్యూ నుంచి క్వీన్స్‌లో కోర్ట్ స్క్వేర్ దాకా వెళ్తుంది. ఆ ఒక్కదాని మీద పని పెట్టుకుంటే దాని బదులు ఎక్కడానికి పక్కన ఇంకో లైన్ లేదు. 2024 వేసవిలో, జూన్ చివర నుంచి సెప్టెంబర్ మొదటివారం దాకా, 1930ల నాటి ఈ లైన్‌లో కొత్త సిగ్నళ్ల కోసం ముక్కలు ముక్కలుగా మూశారు. ఆ పని అవసరం, కాదనను. కానీ శనివారం పూట ఎక్కేవాళ్లు షికారుకి వెళ్లేవాళ్లని ఎవరైనా అనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. హోటల్లో వంట చేసేవాళ్లు, ఆస్పత్రి పనివాళ్లు, షాపుల్లో నిలబడేవాళ్లు వెళ్లేది ఆ బండ్లలోనే.

నేను ఇక్కడికొచ్చిన కొత్తలో బ్రూక్లిన్‌లోనే ఉండేవాణ్ణి. అప్పట్లో శని ఆదివారాల్లో జి ట్రైన్ ఫారెస్ట్ హిల్స్ దాకా వెళ్లేది. ఎక్కి కూర్చుంటే జాక్సన్ హైట్స్‌లో దిగొచ్చు. 2010లో దాన్ని కోర్ట్ స్క్వేర్ దగ్గర ఆపేశారు. అప్పటినుంచి మనం మధ్యలో ఇంకోసారి బండి మారాల్సి వస్తోంది.

ఆ రోజుల్లోనే స్నేహితుడి కూతురి బారసాలకి బయల్దేరి, నా స్టేషన్ నుంచి ఆ రోజు బండ్లు లేవని ప్లాట్‌ఫారం మీదికి దిగాక తెలుసుకున్నాను. మెట్ల దగ్గర స్తంభానికి కాగితం అంటించే ఉంది. వారం పొడుగునా దాని పక్కనుంచే నడిచాను, చదవలేదు. నేను చేరేసరికి పేరు పెట్టడం అయిపోయింది, ఉయ్యాల విప్పేస్తున్నారు. వాళ్లు ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ ఉయ్యాల ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి శుక్రవారం రాత్రి భోజనం కాగానే శనివారం వెళ్లే లైన్లు చూసుకోకుండా పడుకోను. సబ్‌వే నడిపే ఎంటీఏ సంస్థ యాప్‌లో తేదీ మార్చి చూస్తే ఆ రోజు ముందుగా అనుకున్న మార్పులు కనిపిస్తాయి. అయిదు నిమిషాల పని.

ఆ నోటీసులు చదవడం కూడా ఒక అలవాటే. "ఇక్కణ్ణుంచి అక్కడికి బండ్లు లేవు" అంటే సులభంగా అర్థమవుతుంది. కొత్తవాళ్లు మోసపోయేది ఒక వైపు మాత్రమే మార్పు ఉన్నప్పుడు. క్వీన్స్ వైపు వెళ్లే లోకల్ బండి ఆ రోజు ఎక్స్‌ప్రెస్ పట్టాల మీద పోతుంది, మీ స్టేషన్‌లో ఆగదు. అలాంటప్పుడు ముందున్న ఎక్స్‌ప్రెస్ స్టేషన్ దాకా వెళ్లి, అవతలి వైపు బండెక్కి వెనక్కి రావాలి. అందుకే వెళ్లేటప్పుడు ఒకలా, తిరిగొచ్చేటప్పుడు ఇంకోలా ఉంటుంది. వెళ్లే దారి ఒక్కటే చూసుకుని బయల్దేరకండి. ఇంకో సంగతి: బి, డబ్ల్యూ ట్రైన్లు శని ఆదివారాల్లో అసలు నడవవు. ఎమ్ ట్రైన్ వారాంతంలో మాన్‌హట్టన్ దాటి జాక్సన్ హైట్స్ వైపు రాదు. గోడ మీది మ్యాపు చూసి వాటికోసం నిలబడేవాళ్లని ఇప్పటికీ చూస్తుంటాను.

ఇప్పుడు మీ దారి సంగతి. మామూలుగా అన్నీ నడిచే శనివారం హోయ్ట్-షెర్మర్‌హార్న్‌లో జి ఎక్కి, కోర్ట్ స్క్వేర్‌లో దిగి, పైకెక్కి 7 ట్రైన్ పట్టుకుంటే ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్ చివరి స్టేషన్. జి ట్రైన్ పొడవు ప్లాట్‌ఫారంలో సగమే ఉంటుంది కాబట్టి మధ్యలో నిలబడండి, లేకపోతే బండొచ్చాక పరుగెత్తాలి.

7 ట్రైన్ మీద వారాంతపు పని తరచూ మాన్‌హట్టన్‌కీ క్వీన్స్‌బరో ప్లాజాకీ మధ్య పెడుతుంటారు. కోర్ట్ స్క్వేర్ సరిగ్గా ఆ మధ్యలోనే ఉంది. ఆ రోజు మీరు జి దిగి పైకెళ్తే బండి రాదు. కంగారు పడకుండా అదే స్టేషన్‌లో కిందనున్న 'ఈ' (E) ట్రైన్ ఎక్కండి, జాక్సన్ హైట్స్ రూజ్‌వెల్ట్ ఎవెన్యూలో దిగి 7కి మారండి. ఈ కిటుకు తెలియకే చాలామంది రైలు బదులు వేసే షటిల్ బస్సు కోసం రోడ్డు మీద నిలబడతారు. జి మీద పని ఉంటే దాని జోలికే వెళ్లకుండా, జే స్ట్రీట్‌లో ఎఫ్ ట్రైన్ ఎక్కి రూజ్‌వెల్ట్ ఎవెన్యూలోనే మారండి. మాన్‌హట్టన్ చుట్టి వస్తుంది, అయినా షటిల్ బస్సు కంటే నయం.

రెండూ పాడైన రోజుకి లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్ ఉంది, అది సబ్‌వే కాదు, శివార్లకి వెళ్లే రైలు. ఊరి లోపల ప్రయాణాలకి సిటీ టికెట్ అని తక్కువ ధరది ఉంటుంది. సబ్‌వే టికెట్‌తో సంబంధం లేదు, విడిగా కొనాలి. బండెక్కాక కొంటే ఎక్కువ తీసుకుంటారు, ఫోన్‌లో ముందే కొనుక్కోండి. మీరు జే స్ట్రీట్ నుంచి 'ఏ' (A) ట్రైన్‌లో పెన్ స్టేషన్ వెళ్తే, పోర్ట్ వాషింగ్టన్ వెళ్లే రైలు ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్‌లో ఆగుతుంది. అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేను డబ్బుకి చూసుకోకుండా ఇదే చేస్తాను. షటిల్ బస్సంటే మెట్లెక్కి బయటికి రావాలి, ఎండలోనో చలిలోనో నిలబడాలి, మళ్లీ మెట్లు దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని అలా తిప్పడం నాకు ఇష్టం ఉండదు. శుక్రవారం రాత్రి, శని ఆదివారాల్లో కెనెడీ ఎయిర్‌పోర్టుకి వెళ్లాలన్నా ఇదే మాట. బ్రూక్లిన్‌లోని అట్లాంటిక్ టెర్మినల్ నుంచి జమైకాకి రైలు ఉంది, అక్కడ ఎయిర్‌ట్రెయిన్ ఎక్కొచ్చు.

ఇక ఇల్లు మార్చే సంగతి. క్వీన్స్‌కి మారితే చాలు అనుకోకండి. ఫ్లషింగ్‌లో సబ్‌వే 7 ఒక్కటే, దాని మీద పని పడితే మీరు కాలేజీ వైపు ఇరుక్కుంటారు. రైల్‌రోడ్ ఉంది కాబట్టి కొంత ధైర్యం. ఇల్లు వెతికేటప్పుడు ఎన్ని అక్షరాల ట్రైన్లు ఆగుతాయని కాదు, ఎన్ని వేరువేరు పట్టాలున్నాయని చూడండి. ఒకే సొరంగంలో మూడు ట్రైన్లు నడిస్తే, ఆ సొరంగంలో పని పెట్టిన రోజు మూడూ చిక్కులో పడతాయి. జాక్సన్ హైట్స్ నాకు నచ్చేది అందుకే. కింద 'ఈ' (E), ఎఫ్, ఆర్ ట్రైన్లు, పైన వంతెన మీద 7. కింద ఆగితే పైన ఉంటుంది. ఫారెస్ట్ హిల్స్‌లో, జమైకాలో సబ్‌వేతో పాటు రైల్‌రోడ్ కూడా ఉంది. బ్రూక్లిన్‌లోనే ఉండాలంటే అట్లాంటిక్ ఎవెన్యూ చుట్టుపక్కల అలాంటి వీలుంది, అద్దె మాత్రం ఎక్కువ.

ఏజెంటు బుధవారం రమ్మంటే కుదరదని చెప్పి శనివారం వెళ్లండి, అది కూడా ట్రైన్‌లోనే. చూశాక అక్కణ్ణుంచి గుడి దాకా ఒకసారి ప్రయాణం చేసి చూడండి. లీజు మీద సంతకం పెట్టాక తెలిసే సంగతి ముందే తెలుస్తుంది.

ఇంటర్‌బరో ఎక్స్‌ప్రెస్ వస్తుందని చూపించి ఇల్లు అంటగట్టేవాళ్లు ఉంటారు. బ్రూక్లిన్‌లో బే రిడ్జ్ నుంచి జాక్సన్ హైట్స్ దాకా, గూడ్సు రైళ్లు తిరిగే పాత మార్గంలో 14 మైళ్ల లైన్ వేస్తామని 2022 జనవరిలో ప్రకటించారు, అది లైట్ రైల్ అని 2023 జనవరిలో తేల్చారు. దారిలో 17 సబ్‌వే లైన్లను కలుపుతుంది. అది రావాలని మనసారా కోరుకుంటున్నాను. కానీ అది కొన్నేళ్ల మాట, మీ లీజు ఏడాదిది. ఆ ప్రాజెక్టు మీద సభలు పెట్టినప్పుడు వెళ్లి మీ శనివారం సంగతి చెప్పండి. మాట్లాడటానికి అక్కడ పౌరసత్వం అడగరు.

మీరైతే ఈ లీజు అయ్యేదాకా బ్రూక్లిన్‌లోనే ఉండండి. ఈ శుక్రవారం రాత్రి జి, 7, ఎఫ్ మూడూ చూసుకుని, ఏ దారిలో వస్తున్నారో పిన్నిగారికి మెసేజ్ పెట్టండి. మెయిన్ స్ట్రీట్‌లో దిగాక గుడి ఇరవై నిమిషాల నడక. కింది క్యాంటీన్‌లో దోశల కోసం జనం పెరగకముందే చేరతారు.