పాలకూరలో ముందుగా పూతకొచ్చిన మొక్క గింజ దాచకండి

మీరు అడిగింది ఇది: హనుమకొండలో ఇంటి వెనక కొద్దిగా జాగా ఉంది, చలికాలంలో నాటు పాలకూర గింజలేసి పెంచాలనుకుంటున్నారు, ప్యాకెట్ తెచ్చి చల్లితే సగం కూడా మొలవలేదు, మొలిచినవి నాలుగాకులు కోయకముందే పూతకొచ్చాయి. ఎప్పుడు వేయాలి, ఏ గింజ మంచిది?

ఎప్పుడు వేయాలన్నది చిన్న సంగతి, అది ముందు చెప్పేస్తాను. దసరా వానలు వెనకబట్టి, తెల్లవారుజామున ఫ్యాన్ ఆపేసి దుప్పటి కప్పుకునే రోజులు మొదలయ్యాక వేయండి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మనకు మంచి కాలం. ఒకేసారి మడంతా చల్లేయకుండా రెండేసి వారాలకు కొంచెం కొంచెం వేసుకుంటే శివరాత్రి దాకా ఇంట్లో కూర ఉంటుంది. ఎండాకాలంలో కూడా పండుతుంది కదా అంటారు కొందరు, పండుతుంది, కానీ ఆ ఆకు దళసరిగా ఉండదు, రుచీ ఉండదు.

ఇక మొలకల సంగతి. మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్నది ఎర్ర చెల్క నేల. నీళ్లు పోశాక ఎండ తగిలిందంటే పైన అప్పడంలా పెచ్చు కడుతుంది, లోపల గింజ మొలిచినా తల బయటికి పెట్టలేక అక్కడే చచ్చిపోతుంది. అందరూ గింజను తిడతారు కానీ సగం తప్పు ఈ పెచ్చుదే. అందుకే గింజ వేశాక పైన మట్టి కప్పకండి, బాగా మాగిన పశువుల ఎరువు జల్లెడ పట్టి వేలి గోరంత మందం కప్పండి. మొలక కనిపించేదాకా పైపు పెట్టి కొట్టకుండా చేత్తో చిలకరించండి. పైన తడి గోనె సంచి కప్పి, మొదటి మొలక కనబడిన రోజే తీసేస్తే ఇంకా మంచిది.

గింజను రాత్రంతా నానబెట్టడం మరవద్దు. మన పాలకూర బీట్‌రూట్‌కు దగ్గరి చుట్టం. మీరు ఒక గింజ అనుకుని వేసేది రెండు మూడు గింజలు అతుక్కుని ఉన్న గరుకు ముద్ద, ఒక్కోదాంట్లోంచి రెండు మూడు మొలకలు వస్తాయి. ఆ గరుకు పెచ్చులోనే మొలకను ఆపే గుణం ఉంటుంది, నానబెట్టి ఆ నీళ్లు పారబోసి మళ్లీ ఒకసారి కడిగితే అది పోతుంది. ఈ చుట్టరికం వల్ల ఇంకో లాభం, బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉన్నా పాలకూర తట్టుకుంటుంది. మెంతి, కొత్తిమీర అంత తట్టుకోవు.

ప్యాకెట్ల గురించి మాత్రం నాకు కోపం ఉంది. పైన 'దేశీ' అని పెద్ద అక్షరాలు, లోపల గులాబీ రంగు మందు పూసిన గింజలు. ప్యాకెట్ మీద మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా పనికొస్తుందో ఉండాలి. మా దగ్గర ఒక షాపులో తేదీ లేదేంటని అడిగితే "ఆకుకూర గింజలకు డేట్ ఎవరు చూస్తరమ్మా" అన్నాడు. పత్తి గింజకు, మిర్చి గింజకు ఇన్ని గొడవలయ్యే జిల్లాలో ఆకుకూర గింజ అంటే అంత అలుసు. పైగా పాలకూరకు సర్కారు పెట్టిన కనీస మొలక ప్రమాణమే 60 శాతం. షాపు అరలో ఒక ఎండాకాలం గడిపిన గింజకు అది కూడా ఉండదు.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు విషయం. మీ మొక్కలు తొందరగా పూతకొచ్చాయంటే, ఆ గింజ తీసినవాళ్లు తొందరగా పూతకొచ్చిన మొక్కల నుంచే తీశారని నా గట్టి నమ్మకం. చాలామంది చేసేది ఇదే. మడిలో ఏ మొక్క ముందు కాడ లేపితే దాన్ని 'ఇది ఎట్లాగూ ముదిరింది, గింజకు వదిలేద్దాం' అని వదిలేస్తారు, మంచి ఆకున్న మొక్కలు కోసుకుని తినేస్తారు. నాలుగేళ్లు ఇట్లా చేస్తే మీ దగ్గర మిగిలేది ఆకు వేయకుండా పూత పూసే పాలకూర. తిరగేసి చేయాలి. ముందు పూతకొచ్చినవి పీకి పప్పులో వేసుకోండి, అందరికంటే ఆఖరున పూతకొచ్చిన మొక్కలనే గింజకు ఉంచండి.

ఇది నాకు మా అత్తమ్మ నేర్పింది. ఆమెది నర్సంపేట దగ్గరి ఊరు, ఇక్కడికి వచ్చేటప్పుడు పాలకూర గింజ, పుంటికూర గింజ మూటగట్టి తెచ్చుకుంది. సంక్రాంతి ముందు మడి వెంట నడుచుకుంటూ, ఆకు వెడల్పుగా ఉండి ఇంకా కాడ లేపని మొక్కలు చూసి, పాత చీర అంచు చింపి మొదట్లో కట్టేది. కట్టిన మొక్క ఆకు ఒక్కటి కూడా కోయనిచ్చేది కాదు. ఒక ఏడాది పండక్కి కింద కిరాయికి ఉండేవాళ్ల పిన్ని వచ్చింది. మంచి మనిషి, ఊరికే కూర్చోలేదు. పొద్దున్నే లేచి మడిలోకి పోయి, బాగా ఏపుగా ఉన్నవన్నీ ఏరి, వేళ్లతో సహా పీకి, నల్లా కింద కడిగి, వాళ్లకో కట్ట మాకో కట్ట కట్టి "మీ పాలకూర మంచిగున్నది అక్కా, మీక్కూడ తెచ్చిన" అని నా చేతిలో పెట్టింది. కట్టలో మొక్కలకు చీర పేలికలు అట్లనే ఉన్నాయి. నాకు నోట మాట రాలేదు. అత్తమ్మ ఆ కట్ట తీసుకుని, గడప మీద కూర్చుని, పేలికలు ఒక్కొక్కటీ విప్పి పక్కన పెట్టింది. ఆ పిన్నిని ఒక్క మాట అనలేదు. ఆ రోజు చేసిన పాలకూర పప్పు మాత్రం ముట్టుకోలేదు, పచ్చడి వేసుకుని తిన్నది.

బట్టలుతికే బండ అవతల రెండు మూడు మొక్కలు ఆ పిన్ని కంట పడక మిగిలాయి. వాటి గింజ వస్తుంది కదా అన్నాను నేను. "రెండు మొక్కల గింజతోని బలం పోతది" అని అత్తమ్మ వాళ్ల చెల్లె దగ్గరికి మనిషిని పంపి, అదే గింజ ఇంకో దోసెడు తెప్పించి మరుసటి ఏడు కలిపి వేసింది. ఆమె మాట ఎంత నిజమో నాకు తర్వాత తెలిసింది. పాలకూర పుప్పొడి గాలికి ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు చేరాలి, తన పుప్పొడితో తనకు గింజ సరిగా పట్టదు. అందుకే ఒక్క మొక్కను నమ్ముకోవద్దు, పది పన్నెండు మొక్కలన్నా దగ్గర దగ్గరగా గింజకు ఉంచండి, ఇంట్లో అందరికీ, వచ్చే చుట్టాలకు కూడా చూపించి చెప్పండి. పక్కన బీట్‌రూట్ ఉంటే కలిసిపోతుందేమో అని టెన్షన్ పడకండి, అది పూతకు రావాలంటే గట్టి చలి కావాలి, మన దగ్గర అంత చలి లేదు.

అమెరికాలో ఉన్న పిల్లలతో బ్లూమ్స్‌డేల్ అనే పాతకాలపు రకం గింజలు తెప్పించుకునే వాళ్లున్నారు. అది మన పాలకూర కాదు, స్పినాచ్ అనే వేరే మొక్క, ఆకు ముడతలు ముడతలుగా ఉంటుంది. మంచిదే, కానీ నేల వేడి 30 డిగ్రీలు దాటితే సరిగా మొలవదు, డిసెంబరులో నీడ పట్టున వేస్తే కొంత వస్తుంది. దాంట్లో ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి గింజ తీయడం ఇంకో పని. అంత దూరం నుంచి తెప్పించుకునే ఓపిక ఉన్నవాళ్లు పరకాలలోనో ములుగులోనో చుట్టాల ఇంట్లో సీసాలో ఉన్న గింజ గురించి ఒక్క ఫోన్ చేయరు, నాకు బాధనిపించేది అదే. కొత్త ఇళ్లలో అయితే జాగా అంతా బండలు పరిచేస్తున్నారు, గింజ ఉన్నా వేయడానికి మట్టి లేదు.

కోతుల సంగతి మీకు తెలియనిది కాదు. ఆకు తినేదానికన్నా పీకి పారేసేదే ఎక్కువ. మడి మీద ఇనుప జాలీ వంచి కట్టడం తప్ప నాకు ఇంకేదీ పనిచేయలేదు, పాత సీడీలు, ఎర్ర గుడ్డలు అన్నీ రెండు రోజుల ముచ్చటే. ఆకు మీద తెల్ల గీతలు కనిపిస్తే అది పాము పొడ, అంటే ఆకును లోపల తొలిచే పురుగు, ఆ ఆకులు తెంపి దూరంగా పారేయండి, తినే ఆకు మీద మందు కొట్టకండి.

గింజ కాడలు నడుము ఎత్తు పెరుగుతాయి, గాలికి పడిపోకుండా కట్టె పాతి కట్టండి. గింజ గోధుమ రంగుకు తిరిగాక పొద్దున్నే, మంచు తడి ఉండగానే కోస్తే రాలదు. నీడలో ఎండబెట్టి, చేత్తో నలిపి, చాటలో చెరగండి. గాజు సీసాలో వేసి నెల, ఏడాది రాసి పెట్టండి. సజ్జ మీద మాత్రం పెట్టకండి, మన మే నెల ఎండకు స్లాబు కింద గింజ ఉడికిపోతుంది. లోపలి గదిలో కింది అరలో ఉంచితే మూడేళ్లు మొలుస్తుంది. సగం గింజ పక్కింట్లో కూడా ఇచ్చి ఉంచండి, మీ మడిని కోతులు పీకేసినా ఆ గింజ వాళ్ల దగ్గర దొరుకుతుంది.