అబ్ఖాజియా చేతిలో ఇంకా ఏం మిగిలింది?

అబ్ఖాజియా అంటే నల్లసముద్రం ఒడ్డున, రష్యాను ఆనుకుని, 1990ల యుద్ధంలో జార్జియా నుంచి విడిపోయిన చిన్న ప్రాంతం. ప్రశ్న అడిగినవారి అనుమానం రెండు ముక్కల్లో ఇది. 2008లోనే రష్యా స్వతంత్ర దేశంగా గుర్తించింది కదా, మరి అబ్ఖాజియా సార్వభౌమత్వం ఏటేటా తరిగిపోతోందని ఎందుకంటున్నారు? గుర్తింపు వచ్చాక బలం పెరగాలి గానీ తగ్గడమేమిటి? పనిలో పనిగా, రష్యాలోని సోచీ దాకా వెళ్తున్నాం, పక్కనే కదా, ఒకరోజు వెళ్లి చూసిరావచ్చా అని కూడా అడిగారు. ఆ రెండోదానికి జవాబు చివర్లో చెప్తాను.

ముందు నా సంగతి. మాది కడప. 2016 నుంచి ఆరేళ్లు జార్జియా రాజధాని టిబిలిసీలో ఎంబీబీఎస్ చదివాను. అబ్ఖాజియాలో అడుగు పెట్టలేదు. కానీ నాలుగేళ్లపాటు అద్దెకున్నది అబ్ఖాజియా నుంచి వచ్చేసిన ఒక పెద్దావిడ ఇంట్లో. జార్జియన్‌లో అవ్వని బెబో అని పిలుస్తారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఆవిడ అబ్ఖాజియా రాజధాని సుఖుమీలో నర్సుగా పనిచేసింది. 1993 సెప్టెంబరు 27న ఆ ఊరు అబ్ఖాజ్ సేనల చేతికి చిక్కినప్పుడు కట్టుబట్టలతో బయల్దేరి, స్వానేతి కొండలు నడిచి దాటింది. ఆ దారిలో చలికి, ఆకలికి చాలామంది పోయారు. ఆ యుద్ధంలో ఇళ్లు వదిలి వచ్చేసిన జార్జియన్లు రెండు లక్షల పైనే.

మొదటి వారంలోనే బెబో ఒక గాజుసీసా తెచ్చి మా గదిలో పెట్టింది. ఎర్రటి ముద్ద, పైన నూనె తేలుతోంది. మూత తీస్తే వెల్లుల్లి, ధనియాల వాసన. నా రూమ్మేట్ది గుంటూరు, వాడు వేలితో నాకి "ఒరేయ్, పండుమిర్చి పచ్చడిరా" అన్నాడు. దాని పేరు అజికా. ఆ మాటకి అబ్ఖాజ్ భాషలో అసలు అర్థం ఉప్పు. ఇప్పుడు జార్జియన్లు మాదంటారు, అబ్ఖాజ్‌లు మాదంటారు, సోచీ బజార్లో రష్యన్లు తమదన్నట్టే అమ్ముతారు. మెస్ తిండి పడక చిక్కిపోతున్న మాకు ఎవరిదైనా ఒకటే. ఆ నాలుగేళ్లూ అన్నంలో అదే కలుపుకున్నాం.

ఒక సెలవుల్లో జార్జియా వైపున్న జుగ్దిదీ ఊరు వెళ్లి, అక్కణ్నుంచి అబ్ఖాజియాకు దారితీసే ఎంగురీ నది వంతెన దాకా వెళ్లాం. కిలోమీటరుకు కాస్త తక్కువ పొడవుంటుంది. ఇటువైపు జార్జియా పోలీసుల చిన్న గది. దగ్గర్లో గొట్టం ముడివేసినట్టుండే తుపాకీ బొమ్మ ఒకటి. అటు చివర రష్యా సైనికులు. జార్జియన్ల లెక్కలో అది సరిహద్దే కాదు, వాళ్ల దేశం లోపలి ఒక వంతెన. గుర్రపు బండి మీద ముగ్గురు ముసలమ్మలు ఇటు వస్తున్నారు, ఒడిలో చేతిసంచులు. గాలి అనే జిల్లా వాళ్లు. అబ్ఖాజియాలో ఇప్పటికీ జార్జియన్లు ఎక్కువగా ఉన్నది ఆ జిల్లాలోనే. ఇటువైపు పెన్షన్ తీసుకోవడానికి, డాక్టరుకు చూపించుకోవడానికి, అంగడికి వస్తుంటారు. 2017 దాకా దాటడానికి ఇంకో రెండుమూడు చోట్లు ఉండేవి, వాటిని ఒక్కొక్కటిగా మూసేశారు. మాతో వచ్చిన జార్జియన్ కుర్రాణ్ని నేను అడిగాను: అవతల నిలబడ్డది అబ్ఖాజియా వాళ్లా, రష్యా వాళ్లా అని. వాడు నవ్వి, "ముసలమ్మల్నే అడుగు, కాగితాలు చూసేటప్పుడు ఏ భాషలో కసురుకుంటారో వాళ్లకు తెలుసు" అన్నాడు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుంది. అబ్ఖాజియా 1999లో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. జెండా ఉంది, పార్లమెంటు ఉంది, ఎన్నికల్లో పోటీ గట్టిగానే ఉంటుంది. చాలామంది అనుకున్నట్టు అది మాస్కో ఆడించే తోలుబొమ్మ కాదు. 2004లో మాస్కో బాహాటంగా ఖాజింబా అనే అభ్యర్థి వెనక నిలబడితే, జనం బగాప్ష్‌ని గెలిపించారు. అప్పుడు రష్యా ఏం చేసిందో చూడండి. సరిహద్దు బిగించి, కమలాపండ్లు రాకుండా ఆపింది. ఆ సీజన్లో అక్కడ చాలా ఇళ్లకు కమలాల డబ్బే ఆధారం. చివరికి రాజీ కుదిరింది: ఎన్నిక మళ్లీ పెట్టాలి, బగాప్ష్ అధ్యక్షుడు, ఓడిన ఖాజింబా ఉపాధ్యక్షుడు.

అప్పటికే ఇంకో పని సద్దు లేకుండా జరిగిపోయింది. 2002 ప్రాంతం నుంచి అబ్ఖాజియా జనానికి రష్యా పాస్‌పోర్టులు ఇస్తూ వచ్చింది. వాళ్లను తప్పుపట్టలేం. అబ్ఖాజ్ పాస్‌పోర్టుతో ఎక్కడికీ పోలేరు, రష్యాది ఉంటే పెన్షన్ కూడా వస్తుంది. 2008 ఆగస్టులో జార్జియాతో రష్యా యుద్ధం వచ్చేసరికి "మా పౌరుల్ని కాపాడుకుంటున్నాం" అనడానికి రష్యాకు అక్కడ పౌరులు సిద్ధంగా ఉన్నారు. ఆగస్టు 26న గుర్తింపు వచ్చింది. తర్వాత నికరాగువా, వెనిజులా, నౌరు గుర్తించాయి. వనువాటు, తువాలు గుర్తించి మళ్లీ వెనక్కి తీసుకున్నాయి. 2018లో సిరియా చేరింది. అంతే. ప్రపంచమంతా ఒక తలుపు మూసేస్తే, మిగిలిన ఒక్క తలుపు తాళంచెవి ఎవరి జేబులో ఉంటుంది? గుర్తింపు వచ్చాక బలం ఎందుకు తగ్గిందో ఇందులోనే ఉంది. గుర్తింపు లేనప్పుడు ఐక్యరాజ్యసమితి పరిశీలకులు, జార్జియాతో చర్చలు, పైకి మధ్యవర్తిలా నటించే రష్యా అంటూ బేరమాడుకోవడానికి ఇద్దరుముగ్గురు ఉండేవారు. 2009లో పరిశీలకులు వెళ్లిపోయారు. ఇక మిగిలింది ఒక్కరే.

మా కడప వాళ్లకు ఇది కొత్త కథేం కాదు. స్కూల్లో సైన్య సహకార ఒప్పందం అని బట్టీ పట్టాం కదా. 1798లో నిజాం ఇంగ్లీషు వాళ్ల సైన్యాన్ని కాపలా పెట్టుకున్నాడు. రెండేళ్లకు, 1800లో, ఆ సైన్యం ఖర్చు కింద మా జిల్లాలను రాసిచ్చేశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. పోలిక పూర్తిగా అతకదు, తెలుసు. నిజాంకి కనీసం సొంత నాణెం ఉండేది. అబ్ఖాజియాలో చెల్లేది రూబుల్. అప్సార్ అని వాళ్ల నాణెం ఒకటి ఉంది గానీ అది దాచుకోవడానికే, దాంతో కిలో టమాటాలు కూడా రావు.

ఆ తర్వాత వరసగా కాగితాలు. 2009లో సరిహద్దు కాపలా రష్యా చేతికి. అదే ఏడు రైల్వే పదేళ్లపాటు రష్యన్ రైల్వేస్ చేతికి. 2010లో సైనిక స్థావరానికి 49 ఏళ్ల ఒప్పందం. ఫోన్ కోడ్ జార్జియాది పోయి రష్యాది వచ్చింది. 2014 నవంబరు 24న పెద్ద ఒప్పందం: ఉమ్మడి సేన, విదేశాంగ విధానంలో ఒకే మాట, కస్టమ్స్ నియమాలు రష్యావాటికి దగ్గరగా. మాస్కో పంపిన మొదటి ముసాయిదా పేరులో "సమైక్యత" అన్న మాట ఉంటే, సుఖుమీ వాళ్లు పట్టుబట్టి "వ్యూహాత్మక భాగస్వామ్యం" అని మార్పించుకున్నారు. నవ్వొస్తుంది గానీ, అక్కడి మనుషులకు ఆ ఒక్క మాట కోసం కొట్లాడటం చిన్న విషయం కాదు. మరుసటి ఏడాది, జార్జియా నుంచే విడిపోయిన దక్షిణ ఒసేతియా "సమైక్యత" అన్న మాటతోనే సంతకం పెట్టింది.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది మాత్రం పిత్సుందాలోని బంగళా వ్యవహారం. పైన్ చెట్ల మధ్య, సముద్రం ఒడ్డున సోవియట్ నాయకుల విడిది. 1964 అక్టోబరులో పదవి ఊడబీకడానికి సోవియట్ అధినేత క్రుశ్చేవ్‌ని మాస్కోకి పిలిపించినప్పుడు ఆయన ఉన్నది అక్కడే. రష్యా దాన్ని ఎన్నో ఏళ్లుగా అద్దెకు వాడుకుంటూనే ఉంది. 2022లో దాన్ని, చుట్టూ దాదాపు 180 హెక్టార్లతో సహా, రష్యాకే ఇచ్చేస్తూ ఒప్పందం రాశారు. జనం గోల చేశారు. దాదాపు రెండేళ్లు నానింది. 2023 డిసెంబరు చివర్లో, ఊరంతా నిద్రపోయే వేళ పార్లమెంటు ఆమోదించేసింది. సైన్యం, సరిహద్దు, కరెన్సీ పోయినప్పుడు రాని కోపం ఒక బంగళాకి వచ్చిందేమిటి అని నేనూ అనుకున్నాను.

ఎందుకంటే అది నేల. 1860ల్లో రష్యా జార్లు కాకసస్‌ని జయించాక అబ్ఖాజ్‌లు వేలకు వేలు ఓడలెక్కి టర్కీ దారి పట్టారు. స్టాలిన్, ఆయన రహస్య పోలీసు అధిపతి బెరియాల కాలంలో ఖాళీ జాగాల్లో బయటివాళ్లను తెచ్చి నింపారు. 1989 లెక్కల్లో సొంత గడ్డ మీద అబ్ఖాజ్‌లు 18 శాతం కూడా లేరు, జార్జియన్లు 45 శాతం పైన. యుద్ధం తర్వాత ఆ లెక్కను తమవైపు తిప్పుకున్నారు. బెబో లాంటి వాళ్లను వెళ్లగొట్టి తిప్పుకున్నారు, అది మరిచిపోకూడదు. అందుకే విదేశీయులు ఇల్లు కొనకుండా చట్టం పెట్టుకున్నారు. మాస్కో డబ్బు తలుపు తోసుకొస్తే పదేళ్లలో మళ్లీ మైనారిటీ అయిపోతామని భయం. ఎవరి మీద భయంతో ఆ కంచె వేశారో వాళ్లు పోయారు. ఇప్పుడు కాపాడినవాడే కంచె తీసేయమంటున్నాడు.

2024లో ఇది పగిలింది. విదేశీయులకు ఫ్లాట్లు అమ్మనిచ్చే చట్టాన్ని జులైలో పక్కన పెట్టేశారు. మాట నిలబెట్టుకోలేదని సెప్టెంబరు నుంచి రష్యా సాయం డబ్బులు ఆపేసింది. అధ్యక్షుడు బ్జానియా అక్టోబరు చివర్లో రష్యా పెట్టుబడిదారుల కోసం ఒప్పందం చేసుకున్నాడు. నవంబరు 15న జనం లారీతో గేటు పడగొట్టి పార్లమెంటు ఆవరణలోకి దూసుకెళ్లారు. 19న ఆయన దిగిపోయాడు. 2014లో ఒకణ్ని, 2020లో ఒకణ్ని ఇలాగే దించారు, ఈయన మూడోవాడు. డిసెంబరు 3న పార్లమెంటు ఆ ఒప్పందాన్ని తిప్పికొట్టింది.

గెలిచినట్టేనా అంటే, అదే డిసెంబరులో కరెంటు పోయింది. ఎంగురీ డ్యామ్‌లో నీళ్లు అడుగంటాయి. ఈ డ్యామ్ కథే ఒక విచిత్రం: గోడ జార్జియా వైపు, టర్బైన్లు అబ్ఖాజియా వైపు, ఎంత తిట్టుకున్నా ముప్పై ఏళ్లుగా ఇద్దరూ కరెంటు పంచుకుంటూనే ఉన్నారు. అబ్ఖాజియాలో చౌక కరెంటుతో క్రిప్టో మైనింగ్ విచ్చలవిడిగా పెరిగింది, వాడకం మితి మీరింది. చలికాలంలో రోజుకు రెండున్నర గంటలే సరఫరా, బడులు మూసేశారు. నెలాఖరుకి రష్యా "మానవతా సాయం"గా కరెంటు ఇచ్చింది. 2025 మార్చిలో మాస్కోకి నచ్చిన గూన్బా అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. మే 1న సుఖుమీ విమానాశ్రయం మళ్లీ తెరిచారు. విమానాలు ఎక్కడి నుంచో వేరే చెప్పాలా.

గేటు పడగొట్టిన వీడియో చూసిన రాత్రి బెబోకి ఫోన్ చేశాను. ఆవిడకి డెబ్బై దాటింది, వినికిడి తగ్గింది, అరిచి మాట్లాడాలి. సంతోషిస్తుందనుకున్నాను, తనను తరిమినవాళ్ల ఇంట్లో గొడవ కదా. ముందు కాసేపు అందరినీ తిట్టింది, మాస్కో వాణ్నీ, సుఖుమీ వాణ్నీ, టిబిలిసీ వాణ్నీ. తర్వాత, "చూశావా, మా పిల్లలు ఆ గేటుని ఎలా లాగేశారో" అంది. ఎవరి పిల్లలు బెబో అని అడిగాను. వినపడలేదో, వినపడనట్టు ఉందో. "అజికా అయిపోయిందా, పంపనా" అంది.

ఇక మీ ప్రయాణం సంగతి. సోచీ నుంచి, రష్యా–అబ్ఖాజియా హద్దైన ప్సోవు నది దాటి వెళ్లకండి. జార్జియా చట్టం ప్రకారం విదేశీయులు జుగ్దిదీ వైపు నుంచే వెళ్లాలి. అటునుంచి దూరితే అది నేరం, రేపెప్పుడైనా జార్జియా వెళ్తే జరిమానా, కొన్నిసార్లు జైలు. మన దేశం అబ్ఖాజియాను గుర్తించలేదు, అక్కడ మన ఎంబసీ లేదు. పాస్‌పోర్టు పోతే టెన్షన్ మామూలుగా ఉండదు. మీది రష్యా ఈ-వీసా అయితే అది సింగిల్ ఎంట్రీ. ప్సోవు దాటగానే రష్యా నుంచి బయటికి వెళ్లినట్టు లెక్క, సాయంత్రం తిరిగొస్తే లోపలికి రానివ్వరు. అబ్ఖాజియా వేరే దేశమని రష్యా ఖచ్చితంగా పాటించే చోటు అదొక్కటే నాకు కనిపించింది.