వేరే కంపెనీ పెల్లెట్లు వాడితే గ్రిల్లు వారంటీ రద్దవుతుందా?

ప్రశ్న: అయ్యా, మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఏడు నెలల క్రితం ఇక్కడి దుకాణంలో 1,300 డాలర్లు పెట్టి పెల్లెట్ గ్రిల్లు (చెక్క పొట్టును నొక్కి చేసిన పెల్లెట్లు అనే చిన్న గుళికలతో మండేది) కొన్నాను. మూడేళ్ల లిమిటెడ్ వారంటీ ఉంది. కొంతకాలం బాగానే పనిచేసింది. ఇప్పుడు 225 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెడితే ఒకసారి 290 దాటిపోతోంది, మరోసారి 180కి పడిపోయి ఎంతకూ లేవడం లేదు. మా పాప పుట్టినరోజుకు పెట్టిన చికెన్ ఎముక దగ్గర పచ్చిగా ఉండిపోవడంతో మొత్తం పారేసి, వచ్చిన బంధువులకు బయటి నుంచి భోజనం తెప్పించాల్సి వచ్చింది. కంపెనీకి ఫోన్ చేస్తే, తమ పెల్లెట్లు కాకుండా వేరేవి వాడాను కాబట్టి వారంటీ వర్తించదన్నారు. దుకాణం వారిని అడిగితే 30 రోజుల వాపసు గడువు దాటిపోయిందన్నారు. చట్టప్రకారం నాకేమైనా దారి ఉందా? ఆ రోజు భోజనం ఖర్చు కూడా రాబట్టుకోవచ్చా?

జవాబు: దారి ఉంది. వేరే కంపెనీ పెల్లెట్లు వాడారన్న ఒక్క కారణం చూపి వారంటీని నిరాకరించే హక్కు తయారీదారుకు లేదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం అనే ఫెడరల్ చట్టం ప్రకారం, రాతపూర్వకంగా వారంటీ ఇచ్చిన కంపెనీ, ఫలానా బ్రాండు సరుకు వాడితేనే ఆ వారంటీ చెల్లుతుందని షరతు పెట్టకూడదు. ఆ సరుకును తానే ఉచితంగా ఇస్తున్నప్పుడు గానీ, అది లేనిదే తన వస్తువు సరిగా పనిచేయదని, వినియోగదారుల హక్కులను కాపాడే ప్రభుత్వ సంస్థ అయిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌ను ఒప్పించి ముందుగా అనుమతి తెచ్చుకున్నప్పుడు గానీ మాత్రమే అటువంటి షరతు నిలుస్తుంది. మీకు ఫోన్‌లో జవాబు చెప్పిన ఉద్యోగి ఈ రెండింటిలో దేనినీ ప్రస్తావించినట్టు మీ లేఖలో లేదు.

ఇది కాగితం మీద మాత్రమే ఉన్న నియమం కాదు. 2022 జూలైలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, గ్రిల్లులు తయారుచేసే వెబర్ కంపెనీ తన వారంటీలో ఇతరుల విడిభాగాలు వాడితే వారంటీ చెల్లదన్న అర్థం వచ్చే మాటలు పెట్టిందని ఇదే చట్టం కింద చర్య తీసుకుంది. ఇతరుల విడిభాగాలు వాడినా వారంటీ రద్దు కాదని కొనుగోలుదారులకు స్పష్టంగా తెలియజేయవలసిందిగా ఆ వ్యవహారంలో ఉత్తర్వు వెలువడింది. మీ గ్రిల్లు కంపెనీ వేరే అయినా, మీరు రాయబోయే లేఖలో ఈ ఉత్తర్వును ఉదహరించండి. ఫోన్ ఎత్తే ఉద్యోగికి దీని సంగతి తెలియకపోవచ్చు గానీ, కంపెనీ న్యాయ విభాగానికి తప్పక తెలిసి ఉంటుంది.

అయితే ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. ఇతరుల సరుకు వల్లనే లోపం ఏర్పడిందని కంపెనీ నిరూపించగలిగితే, ఆ లోపం మేరకు బాధ్యతను నిరాకరించవచ్చని కమిషన్ నిబంధనలే చెబుతున్నాయి. చెమ్మగిల్లిన పెల్లెట్లు ఉబ్బి పొడిగా రాలి, వాటిని నిప్పు దగ్గరకు నెట్టే ఆగర్‌ను పట్టేశాయనో, నాసిరకం పెల్లెట్ల బూడిద నిప్పు గిన్నెను నింపేసిందనో వారు వాదించవచ్చు. నిరూపించవలసిన భారం వారిదే అయినా, ఆ వాదనకు ఎదురుగా పెట్టడానికి మీ దగ్గర ఏమీ లేకపోతే న్యాయమూర్తికి మిగిలేది మీ మాట, వారి మాట మాత్రమే. కాబట్టి మీ కేసు గెలుపోటములు చట్టం కంటే ఎక్కువగా మీరు ఇంటి వెనుక పెరట్లో చేసి రాసిపెట్టుకునే పరీక్షల మీద ఆధారపడతాయి. వాటి గురించి కొంత వివరంగా చెబుతాను.

ముందుగా, ఎంత తేడా ఉంటే లోపమవుతుందో తెలుసుకోవాలి. పెల్లెట్ గ్రిల్లులో కంట్రోలర్ ఒక ప్రోబ్ (వేడిని కొలిచే కడ్డీ) ద్వారా లోపలి వేడిని చదువుతూ, దానిని బట్టి ఆగర్‌ను తిప్పుతూ ఆపుతూ ఉంటుంది కాబట్టి పదిహేను, ఇరవై డిగ్రీల హెచ్చుతగ్గులు సహజమే. పాత పద్ధతి కంట్రోలర్లలో ఇంకా ఎక్కువ కూడా ఉండవచ్చు. మీ మాన్యువల్‌లో ఎంత తేడాను సాధారణమని రాశారో వెతికి ఆ పేజీని ఫోటో తీసుకోండి. 225 పెట్టినప్పుడు 240 చూపిందని దావా వేస్తే నిలవదు, కానీ 290కి వెళ్లడం, 180కి పడి లేవకపోవడం అటువంటి తేడాలు కావు.

గ్రిల్లు పూర్తిగా చల్లారిన తరువాత ప్లగ్గు తీసి, నిప్పు గిన్నెలో పేరుకున్న బూడిదను తొలగించి, లోపలి గోడకు ఉండే ప్రోబ్ మీది మసినీ జిడ్డునూ మెత్తని గుడ్డతో తుడవండి. ఎక్స్‌టెన్షన్ తీగ వాడుతుంటే అది మానేసి గోడ సాకెట్‌కు నేరుగా కలపండి, ఎందుకంటే సన్నని పొడవాటి తీగలో వోల్టేజీ పడిపోయి ఫ్యాను, నిప్పంటించే ఇగ్నైటర్ బలహీనంగా పనిచేయవచ్చు. హాపర్‌లో, అంటే పెల్లెట్లు పోసే పెట్టెలో, అవి పైకి నిండుగా కనిపిస్తూనే అడుగున గుంట పడి ఆగర్‌కు అందకుండా పోవడం కూడా తరచుగా జరుగుతుంది కనుక వాటిని ఒకసారి కదిలించండి. ఇవన్నీ మాన్యువల్‌లో యజమాని బాధ్యతగా రాసి ఉండే పనులు. వీటిని చేయకుండా ఫిర్యాదు చేస్తే, శుభ్రం చేయకపోవడమే కారణమన్న జవాబు కంపెనీ దగ్గర సిద్ధంగా ఉంటుంది.

ఆ తరువాత గాలి లేని రోజున, మాంసం ఏదీ పెట్టకుండా, మూత తెరవకుండా 225 దగ్గర గ్రిల్లును నడపండి. వేరుగా కొన్న ఒక డిజిటల్ థర్మామీటర్‌ను కరిగే మంచు ఉన్న నీటిలో ముంచి అది 32 డిగ్రీలు చూపుతోందని ముందే సరిచూసుకుని, దాని ప్రోబ్‌ను కడ్డీల మధ్యలో ఉంచండి. వేడి నిలదొక్కుకోవడానికి అరగంట వదిలి, ఆపైన గంటసేపు ప్రతి ఐదు నిమిషాలకూ గ్రిల్లు తెర మీది అంకెను, మీ థర్మామీటర్ అంకెను, సమయాన్ని పక్కపక్కన రాయండి. రెండు తెరలూ ఒకే ఫోటోలో వచ్చేలా తీస్తే ఇంకా మంచిది. తెర 225 చూపుతుండగా మీ థర్మామీటర్ 290 చూపితే గ్రిల్లు ప్రోబ్ గానీ కంట్రోలర్ గానీ తప్పుగా చదువుతోందని అనుకోవచ్చు. రెండూ కలిసి ఎగిరి పడుతుంటే తప్పు ఆగర్, ఫ్యాను లేదా ఇంధనం వైపు ఉంటుంది. ఈ తేడా మీకు ఎంతో ముఖ్యం. మొదటి రకం లోపానికి పెల్లెట్లను నిందించడం దాదాపు అసాధ్యం.

ఇదే పరీక్షను రెండుసార్లు చేయాలని నా గట్టి సలహా: ఒకసారి మీరు వాడుతున్న పెల్లెట్లతో, ఇంకొకసారి ఆ కంపెనీ పెల్లెట్ల సంచి ఒకటి కొని, కొత్తగా తెరిచి, హాపర్‌ను పూర్తిగా ఖాళీ చేసి వాటితో. ఆ సంచి కొనవలసిన బాధ్యత చట్టం మీ మీద పెట్టలేదు. అయినా వారి పెల్లెట్లతో కూడా అదే లోపం కనిపిస్తే వారి వాదనకు ఆధారమే మిగలదు కాబట్టి, ఆ ఖర్చుకు వెనుకాడవద్దు. ఒకవేళ వారి పెల్లెట్లతో గ్రిల్లు చక్కగా నడిస్తే, ఆ సంగతి దావా వేయకముందే మీకు తెలిసి రావడమూ మేలే. రెండు రకాల పెల్లెట్లనూ గుప్పెడు చొప్పున మూత బిగించిన డబ్బాల్లో దాచండి, కొన్న రసీదులను కూడా. కంట్రోలర్‌ను మాత్రం మీరే విప్పవద్దు. ఎవరైనా మెకానిక్ మార్చినా పాత భాగాన్ని పారేయనివ్వవద్దు, అది మీ సాక్ష్యం.

ఇక దుకాణం సంగతి. 30 రోజుల వాపసు అనేది వారు తమ ఇష్టపూర్వకంగా ఇచ్చే సౌకర్యం. దాని గడువు దాటితే చట్టం కల్పించిన హక్కులు పోవు. టెక్సాస్ బిజినెస్ అండ్ కామర్స్ కోడ్‌లోని 2.314 సెక్షన్ ప్రకారం, ఒక రకం సరుకును వ్యాపారంగా అమ్మేవారు, ఆ సరుకు దాని మామూలు వాడుకకు పనికివస్తుందని, ఎక్కడా రాయకపోయినా, హామీ ఇచ్చినట్టే లెక్క. నెమ్మదిగా, నిలకడగా వేడి ఇవ్వలేని పెల్లెట్ గ్రిల్లు ఆ ప్రమాణానికి తూగదని వాదించడానికి బలమైన ఆస్కారం ఉంది. తయారీదారు నుంచి మీరు నేరుగా కొనలేదన్న అభ్యంతరం కూడా ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే నేరుగా ఒప్పందం లేకపోయినా ఇటువంటి ఆర్థిక నష్టానికి తయారీదారును అడగవచ్చని టెక్సాస్ సుప్రీం కోర్టు 1977లోనే తీర్పు చెప్పింది. దుకాణం తన రసీదు మీద ఈ హామీని స్పష్టంగా తోసిపుచ్చి ఉండవచ్చు కాబట్టి రసీదు వెనుక వైపు కూడా చదవండి. తయారీదారుకు ఆ వెసులుబాటు లేదు. రాతపూర్వక వారంటీ ఇచ్చినవారు ఈ హామీని పూర్తిగా రద్దు చేయకూడదని, లిమిటెడ్ వారంటీ అయితే దాని కాలపరిమితికి కుదించుకోవడం వరకే చేయవచ్చని మాగ్నసన్-మాస్ చట్టం చెబుతోంది. మీ మూడేళ్లు ఇంకా ముగియలేదు.

మీరు చేయవలసిన మొదటి చట్టపరమైన పని ఉత్తరం రాయడం. లోపం తెలిసిన తరువాత సహేతుకమైన సమయంలో అమ్మినవారికి తెలియజేయకపోతే పరిహారం అడిగే హక్కే పోతుందని 2.607 సెక్షన్ అంటుంది కనుక, ఫోన్ కాల్స్‌తో సరిపెట్టవద్దు. కొన్న తేదీ, మోడల్, సీరియల్ నంబరు, లోపం మొదలైన సమయం, మీ రెండు పరీక్షల ఫలితాలు, ఫోన్‌లో వారు చెప్పిన జవాబు, మీరు కోరేది మరమ్మతా, మార్పిడా, డబ్బా అన్నవి ఒకటి రెండు పేజీలలో రాసి, తయారీదారుకూ దుకాణానికీ విడివిడిగా, అందిన రసీదు వచ్చేలా సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. వారు పెల్లెట్ల కారణాన్నే మళ్లీ చెబితే, ఆ కారణాన్ని ఏ పరీక్షతో నిర్ధారించారో రాతపూర్వకంగా తెలపమని అడగండి. ఫోన్ సంభాషణను రికార్డు చేయవచ్చా అని కొందరు అడుగుతుంటారు. టెక్సాస్‌లో మాట్లాడేవారిలో ఒకరి సమ్మతి చాలు గానీ, అవతలి వ్యక్తి అందరి సమ్మతి కావాలనే రాష్ట్రంలో కూర్చుని ఉండవచ్చు కాబట్టి ఆ జోలికి పోకపోవడమే క్షేమం.

ఉత్తరానికి ఫలితం లేకపోతే, మోసపూరిత వ్యాపార పద్ధతులను అడ్డుకునే టెక్సాస్ డిసెప్టివ్ ట్రేడ్ ప్రాక్టీసెస్ చట్టం మీకు తోడవుతుంది. వారంటీ ఉల్లంఘన ఈ చట్టం కింద కూడా దావాకు ఆధారమే. దావాకు కనీసం 60 రోజుల ముందు, మీ ఫిర్యాదు ఏమిటో, నష్టం ఎన్ని డాలర్లో స్పష్టంగా పేర్కొంటూ నోటీసు ఇవ్వాలి. మొదటి ఉత్తరంలోనే ఆ వివరాలన్నీ, చట్టం పేరుతో సహా రాస్తే ఆ 60 రోజులు అప్పటి నుంచే లెక్కకు వస్తాయి, వారంటీ చట్టం కోరే మరమ్మతు అవకాశమూ ఇచ్చినట్టవుతుంది. కంపెనీ తెలిసి తెలిసీ చేసిందని తేలితే ఆర్థిక నష్టానికి మూడు రెట్ల వరకు ఇచ్చే అధికారం కోర్టుకు ఉంది. అయితే ఆధారం లేకుండా వేధించడానికి వేసిన దావా అని తేలితే ఎదుటివారి లాయరు ఫీజు మీ మీద పడుతుంది. పరీక్షల రికార్డు గురించి నేను అంతగా చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

మీ క్లెయిము 20,000 డాలర్ల లోపే కాబట్టి చిన్న మొత్తాల కేసులు వినే జస్టిస్ కోర్టులో లాయరు లేకుండా మీరే దావా వేసుకోవచ్చు. ముందుగా వారంటీ పుస్తకంలో ఆర్బిట్రేషన్ షరతు, అంటే తగాదాను కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు, ఉందేమో చూడండి. ఉన్నా, చిన్న మొత్తాల కోర్టుకు వెళ్లే హక్కును అటువంటి షరతులు చాలావరకు మినహాయిస్తాయి. గడువు విషయంలో, వారంటీ ఉల్లంఘనకు సాధారణంగా నాలుగేళ్లు, డిసెప్టివ్ ట్రేడ్ ప్రాక్టీసెస్ చట్టం కింద రెండేళ్లు ఉన్నాయి. మీరు రెండేళ్ల గడువునే మనసులో పెట్టుకోండి.

భోజనం ఖర్చు రావడం కష్టం. వస్తువు చెడిపోవడం వల్ల కలిగే ఇతర నష్టాలకు తమది బాధ్యత కాదని వారంటీలన్నిటిలోనూ దాదాపుగా రాసి ఉంటుంది, వాణిజ్య నష్టాల వరకు, ఇటువంటి డబ్బు నష్టాల వరకు ఆ మాట చాలాసార్లు చెల్లుతుంది. రసీదులు ఉంటే ఆ మొత్తాన్ని క్లెయిములో చేర్చండి, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఎవరికైనా అనారోగ్యం చేసి ఉంటే లెక్క వేరు. గృహ వినియోగ వస్తువు వల్ల శరీరానికి కలిగిన హానికి బాధ్యతను ముందే తోసిపుచ్చడాన్ని చట్టం అన్యాయమైనదిగానే భావిస్తుంది. గ్రిల్లు బాగయ్యేదాకా కోడి మాంసం లోపలి వేడి 165 డిగ్రీలకు చేరిందని వేరే థర్మామీటర్‌తో చూడకుండా ఎవరికీ వడ్డించకండి.

ఒక్క పరిస్థితిలో మాత్రం పైన చెప్పిన పరీక్షలేవీ చేయవద్దు. మంట నిప్పు గిన్నె దాటి ఆగర్ గొట్టం గుండా హాపర్ వైపు పాకినట్టు, అంటే హాపర్ లోంచి పొగ వచ్చినట్టు మీరు ఎప్పుడైనా చూసి ఉంటే, గ్రిల్లును ఇక వెలిగించకుండా ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తీసి, ఇంటి గోడకు దూరంగా పెట్టి, కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ వారి సేఫర్ ప్రొడక్ట్స్ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేసి, దాని ప్రతిని మీ నోటీసుకు జతచేయండి.